నాలుగు టికెట్ల పాస్ ఆరు టికెట్లయినప్పుడు: వరంగల్ వాటర్ పార్కు వార్షిక పాస్ ధరపై ఒక కేస్ స్టడీ

వరంగల్ శివార్లలోని ఒక వాటర్ పార్కు తన వార్షిక పాస్ ధరను ఒక్కసారిగా సగం మేర పెంచింది. ఆ పెంపును సిఫారసు చేసిన నివేదిక నాదే. ఆ వేసవి ముగిసేసరికి పార్కు వదిలించుకోవాలనుకున్నవాళ్లంతా పాస్‌లు రెన్యువల్ చేసుకుని ఉండిపోయారు, ఉంచుకోవాలనుకున్నవాళ్లు మాత్రం వెళ్లిపోయారు. అలా ఎందుకు జరిగిందో, మరుసటి ఏడాది దాన్ని ఎంతవరకు సరిదిద్దగలిగామో ఇక్కడ రాస్తున్నాను. నేను హనుమకొండలో కాస్ట్ అకౌంటెంట్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. నా క్లయింట్లలో ఎక్కువమంది రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల వాళ్లు. వినోద రంగం నాకు కొత్త, ఆ కొత్తదనం నా తొలి నివేదికలో బాగానే కనిపిస్తుంది. పార్కు పేరు, అసలు రూపాయల అంకెలు బయట పెట్టకూడదని యజమానికి మాటిచ్చాను కనుక, మామూలు రోజు టికెట్‌ను 100గా తీసుకుని మిగతా ధరలన్నింటినీ దానితో పోల్చి చెబుతాను.

పార్కు లెక్క

పాత పాస్ ధర 400, అంటే నాలుగు రోజుల టికెట్ల ధర. మూడేళ్లుగా ఆ ధర కదలలేదు. ఈలోగా కరెంటు బిల్లు, లైఫ్‌గార్డుల జీతాలు, ఫిల్టర్లలోకి మార్చే ఇసుక, క్లోరిన్ అన్నీ పెరిగాయి. ఈ వ్యాపారంలో ఖర్చులో పెద్ద వాటా లోపలికి పదిమంది వచ్చినా వెయ్యిమంది వచ్చినా ఒకటే. వేవ్ పూల్ మోటార్లు తిరగాల్సిందే, ప్రతి స్లయిడ్ పైనా కిందా మనిషి నిలబడాల్సిందే, నీళ్లలో క్రిములను చంపే ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య, ఆమ్ల గుణాన్ని కొలిచే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండేలా చూసుకోవాల్సిందే. మనుషులు పెరిగితే క్లోరిన్ కొంత ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ వరంగల్‌లో మే నెల ఎండకు క్లోరిన్ ఎంత త్వరగా ఎగిరిపోతుందో చూసినవాళ్లకు, ఆ ఖర్చును సందర్శకుడి ఖాతాలో కంటే సూర్యుడి ఖాతాలో రాయడమే న్యాయమనిపిస్తుంది.

రాబడి వచ్చే కాలం చాలా చిన్నది. చలి శివరాత్రికి శివశివా అంటూ పోయిన దగ్గర్నుంచి మృగశిర కార్తెలో తొలి చినుకు పడేదాకా, అంటే సుమారు మూడున్నర నెలలు. అందులోనూ అసలు పంట బడులకు సెలవులిచ్చే ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకానే. దసరా సెలవుల్లో కొంత ఊపు ఉంటుంది, మిగతా కాలమంతా పెళ్లి రోజులకూ పుట్టిన రోజులకూ లాన్ అద్దెకివ్వడంతో గడుస్తుంది. వార్షిక పాస్ అనే మాటలో సంవత్సరం ఉన్నా, కొనేవాడి మనసులో ఉండేది ఒక ఎండాకాలమే. పార్కువాళ్లకు పాస్ విలువ వేరే చోట ఉంది. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య పాస్‌లు అమ్మగా వచ్చే డబ్బు సీజన్‌కు ముందే చేతికొస్తుంది. స్లయిడ్లకు కొత్త పూత వేయించడానికి, కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేయించడానికి బ్యాంకు దగ్గరకు వెళ్లే అవసరం ఆ మేరకు తప్పుతుంది. వడ్డీ లేని ఈ అప్పును నేను నా తొలి నివేదికలో ఒక్క పేరాలో తేల్చేశాను.

యజమాని నన్ను పిలిచింది మరో బాధతో. ఆదివారాల్లో పెద్ద స్లయిడ్ల దగ్గర క్యూ మెట్లు దాటి కింద నేల దాకా వస్తోందని, పూర్తి టికెట్ కొని కరీంనగర్ నుంచో ఖమ్మం నుంచో వచ్చినవాళ్లు రెండు స్లయిడ్లకే రోజు గడిచిపోయిందని గొడవ పడుతున్నారని, ఆ క్యూలో నిలబడేవాళ్లలో సగం పాస్‌లవాళ్లేనని ఆయన అభిప్రాయం. గేటు దగ్గర యంత్రం నమోదు చేసిన రాకపోకలు తీసి చూశాను. వచ్చేవాళ్లలో పాస్‌లవాళ్ల వాటా ఎంతో, రాబడిలో వాళ్ల వాటా ఎంతో పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. పాస్‌దారులను "తక్కువ రాబడి సందర్శకులు" అని ఒక పట్టికకు శీర్షిక పెట్టి, ధరను 400 నుంచి 600కు పెంచమని రాశాను. 2016 నుంచి రావిర్యాలలో నడుస్తున్న వండర్‌లాకు మనవాళ్లు వెళ్లిరావాలంటే పోను మూడు గంటలు, రాను మూడు గంటలు పడుతుంది, కాబట్టి మన పాస్ వదిలి ఎక్కడికీ పోరని కూడా రాశాను. మనుషులు ఇంకో పార్కుకు పోనక్కర్లేదని, ఇంట్లో కూలర్ వేసుకుని కూర్చున్నా మనకు పోయినట్టేనని ఆ రోజు నాకు తోచలేదు.

కొత్తగా పాస్ తీసుకునేవాళ్లకు సంక్రాంతి ఆఫర్‌గా 500కే ఇవ్వాలన్నది యజమాని ఆలోచన. నాది కాదు. అయితే ఆ కాగితం నా టేబుల్ మీదుగానే వెళ్లింది, నేను అడ్డు చెప్పలేదు.

కౌంటర్ దగ్గర

ధర పెంపు సంగతి పాత పాస్‌దారులకు ఫోన్లో ఎవరూ చెప్పలేదు. టికెట్ కౌంటర్ అద్దానికి లోపలి వైపు ఒక ఏ4 కాగితం అంటించారు: "నిర్వహణ వ్యయం మరియు పన్నుల భారం పెరిగినందున వార్షిక పాస్ ధర సవరించడమైనది." దాని పక్కనే రంగుల్లో సంక్రాంతి ఆఫర్ పోస్టరు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన ఉండటమే మా అసలు తప్పు. పాత మనిషి 600 కట్టాలని ఒకటి చెబుతోంది, కొత్త మనిషి 500 కడితే చాలని రెండోది చెబుతోంది. సుబేదారి నుంచి ఐదేళ్లుగా వస్తున్న ఒక తల్లి ఇద్దరు పిల్లలను రెండు చేతులా పట్టుకుని ఆ రెండింటినీ చదివి, కౌంటర్లో ఉన్న అబ్బాయిని అడిగిన ప్రశ్న నేను మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుంటాను: "ఐదేండ్ల సంది వస్తున్నం తమ్మీ, మాకెక్కువ, నిన్న వచ్చినోళ్లకు తక్కువనా?" ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

అదే రోజు వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఆ నోటీసును గట్టిగా అందరికీ వినబడేలా చదివి, పన్నుల భారం ఎప్పుడు పెరిగిందో చెప్పమన్నారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు వాటర్ పార్కుల ప్రవేశ టికెట్‌పై 28 శాతం వేశారు. 2018 జనవరి 25 నుంచి దాన్ని 18 శాతానికి తగ్గించారు, ఆ తర్వాత పెంచలేదు. ఆయన ఈ తేదీలన్నీ నోటికి చెప్పి, తగ్గినప్పుడు మాకేమైనా తగ్గించారా అని అడిగారు. నోటీసు రాసింది మేనేజరే అయినా, దాన్ని ముందుగా చూసి "పన్నుల" అన్న మాట కొట్టేయించాల్సిన వృత్తిలో ఉన్నది నేను. పాస్ కొనేవాడు ధర పెరిగిందంటే కొంత సర్దుకుంటాడు. కారణం అబద్ధమని తేలితే మాత్రం ఆ తర్వాత మనం చెప్పే నిజమైన కారణాన్నీ నమ్మడు. కరెంటు బిల్లు నిజంగానే పెరిగింది, దాని గురించి ఆ నోటీసులో ఒక్క ముక్క లేదు.

ఇక మూడో దెబ్బ నా పట్టిక నుంచే తగిలింది. వాదన ముదిరినప్పుడు మేనేజర్ ఒక పాస్‌దారుతో, మీరంతా తక్కువ రాబడి సందర్శకులని ఆడిటర్ గారు లెక్క తీసి చెప్పారు అనేశాడు. ఆ మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి రెండు రోజుల్లో మా అపార్టుమెంట్ దాకా వచ్చింది. లిఫ్టులో పొరుగింటాయన నవ్వుతూ, "సార్, మేం తక్కువోళ్లమట గద" అన్నాడు.

ఇలాంటి మాట జారడం మాతోనే మొదలు కాలేదని తర్వాత చదివాను. అమెరికాలోని డిస్నీ సంస్థ 2022 ఆగస్టులో ఇచ్చిన త్రైమాసిక ఫలితాల్లో, కాలిఫోర్నియా పార్కు రాబడి గురించి చెబుతూ, వచ్చిన జనం కూర్పు (ఏ రకం టికెట్‌తో ఎంతమంది వచ్చారన్నది) అననుకూలంగా ఉందని రాసింది. అది తమ గురించేనని అర్థం చేసుకున్న పాస్‌దారులు ఆ "అననుకూల" అన్న మాటనే టీషర్టుల మీద అచ్చువేయించుకుని అదే పార్కులో తిరిగారు.

ఎవరు పోయారు, ఎవరు మిగిలారు

మే నెలాఖరులో పాస్‌ల జాబితాను పాత జాబితాతో సరిపోల్చినప్పుడు నాకు నా తప్పు పూర్తిగా తెలిసింది. పాత ధర 400 ఉన్నప్పుడు పాస్ కొన్న కుటుంబం వేసుకునే లెక్క చాలా సూటిగా ఉండేది: ఎలాగైనా నాలుగైదు సార్లు వస్తాం, కాబట్టి గిట్టుబాటవుతుంది. పంటకు గిట్టుబాటు ధర గురించి తరతరాలుగా మాట్లాడుకునే ఊళ్ల నుంచి వచ్చిన జనం మనది, ఆ లెక్కలో ఎవరూ తడబడరు. ఐదుసార్లు వచ్చే మనిషికి 400 దగ్గర ఒక టికెట్ మిగిలేది, 600 దగ్గర ఒక టికెట్ నష్టం. అదే వేసవిలో పదిహేను సార్లు వచ్చే మనిషికి 600 పెట్టినా ఒక్కో రాకకు పడేది 40. అతనికి పెంపు చిరాకే తప్ప ఆగిపోయే కారణం కాదు. ఫలితంగా ఐదుసార్లు వచ్చే కుటుంబాలు తప్పుకున్నాయి, పదిహేను సార్లు వచ్చేవాళ్లు ఉండిపోయారు. గేటు తెరవకముందే వచ్చి నిలబడే కాలేజీ కుర్రాళ్లు, మోకాళ్ల నొప్పికి నీళ్లలో నడవమని డాక్టరు చెప్పాడంటూ రోజూ వచ్చే పెద్దవాళ్లు, వీళ్లే ఆ ఉండిపోయినవాళ్లు. ఆరోగ్య బీమాలో ప్రీమియం పెంచితే ఆరోగ్యవంతులు మానేసి రోగులే మిగులుతారని చదువుకునే రోజుల్లో పరీక్షల్లో రాసినవాణ్ని నేను. దాన్ని ఈత కొలనులో గుర్తుపట్టలేకపోయాను.

లెక్క ఇంకో కోణంలో కూడా తప్పింది. పది పాస్‌లు 400 చొప్పున అమ్మితే 4,000 వస్తుంది. 600 చేశాక ముగ్గురు పోయి ఏడుగురు మిగిలితే 4,200, అంటే కొద్ది లాభం. నలుగురు పోయి ఆరుగురు మిగిలితే 3,600, నష్టం. పెంపు సఫలమా విఫలమా అన్నది పదిమందిలో ఒక్క మనిషి మీద వేలాడుతున్నప్పుడు, ఆ ఒక్క మనిషిని ఎందుకు అంత తేలిగ్గా తీసుకున్నానో నాకిప్పటికీ అర్థం కాదు. మా పార్కు రెండో వైపునే తేలింది. పాస్‌ల ద్వారా వచ్చిన డబ్బు అంతకుముందు ఏడాది కంటే తగ్గింది, ఆదివారం క్యూ మాత్రం అంగుళం తగ్గలేదు.

ఇక్కడే నేను పాస్‌దారును మొదటిసారి తీరిగ్గా చూశాను. నాలుగు ఆదివారాలు నా ఆఫీసు కుర్రాణ్ని గేటు పక్కన నోటుబుక్కుతో కూర్చోబెట్టి, పాస్‌తో వచ్చినవాళ్లు వెంట ఎవరిని తెస్తున్నారో రాయించాను. నేను కూడా ఒక ఆదివారం వెళ్లి కూర్చున్నాను. రెండు పాస్‌లున్న ఒక కుటుంబం సిరిసిల్ల నుంచి వచ్చిన వదినను, హైదరాబాద్ నుంచి సెలవులకు దిగిన ఇద్దరు మేనల్లుళ్లను, పెద్దనాన్న కొడుకును, అతని స్నేహితుణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఐదు పూర్తి టికెట్లు కొన్నారు. బయటి తిండి తేకూడదు కనుక బ్యాగు తెరిచి చూపమంటే సకినాల డబ్బా దొరికింది. దాన్ని లాకర్లో పెట్టమన్నారు, లాకరుకు అద్దె కట్టారు. ముగ్గురికి నైలాన్ డ్రెస్ లేదు, అద్దెకు తీసుకున్నారు. మధ్యాహ్నం క్యాంటీన్లో ఏడు బిర్యానీలు. నా పట్టికలో ఈ కుటుంబం మొత్తం "పాస్ రాకలు: 2, రాబడి: సున్నా" అన్న రెండు గళ్లలో ఇమిడిపోయింది. ఆ ఐదు టికెట్లు వేరే పేజీలో, బయటివాళ్ల రాబడి కింద ఉన్నాయి. ఆదివారాల్లో పాస్‌దారు ఒంటరిగా గేటు దాటడం మా కుర్రాడి నోటుబుక్కులో అరుదుగా కనిపించింది. మన దగ్గర పాస్ ఉన్నవాడు ఇంటికొచ్చిన చుట్టాలను ఎక్కడికి తీసుకుపోవాలన్న ప్రశ్నకు జవాబు ముందే కొనుక్కున్నవాడు. అతను రెన్యువల్ మానేస్తే ఆ చుట్టాలు కూడా భద్రకాళి చెరువు కట్ట మీద తిరిగి ఇంటికి పోతారు.

డిస్నీ నుంచి ఏం తీసుకున్నాం

లక్షల కోట్ల సంస్థతో మన పార్కును పోల్చడం అతిగా అనిపించవచ్చు. అయినా ధర కంటే మాట ముఖ్యమన్న సంగతి అక్కడే బాగా కనిపిస్తుంది. 2020 మార్చిలో మూతపడిన కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ 2021 జనవరిలో పాత వార్షిక పాస్ పద్ధతినే రద్దు చేసి, ఆగస్టులో మ్యాజిక్ కీ పేరుతో 399 డాలర్ల నుంచి 1,399 డాలర్ల దాకా నాలుగు రకాల పాస్‌లు తెచ్చింది. ఏ పాస్ ఉన్నా ముందుగా రోజు రిజర్వు చేసుకోవాలి. అన్నిటికంటే ఖరీదైన దానికి చెల్లని రోజులంటూ లేవని ప్రకటించారు. తీరా రిజర్వేషన్ దొరక్క ఒక పాస్‌దారు కోర్టుకెక్కడంతో అది అందరి తరఫునా నడిచే వ్యాజ్యమై, చివరికి సంస్థ 95 లక్షల డాలర్లకు రాజీకి ఒప్పుకుంది. అక్కడి అత్యంత ఖరీదైన పాస్ 2024 అక్టోబరులో 1,749 డాలర్లకు, మరుసటి ఏడాది అక్టోబరులో 1,899 డాలర్లకు చేరింది. జనం గొణుక్కున్నారు, కొన్నారు. కోర్టు మెట్లు ఎక్కించింది ధర కాదు, ఇచ్చిన మాటకూ ఇచ్చిన సేవకూ మధ్య ఖాళీ. రకరకాల పాస్‌లు పెట్టడం, స్థానికులకు నెలవారీ వాయిదాలు ఇవ్వడం అక్కడి నుంచి మేం ఆలోచనకు తీసుకున్న రెండు పద్ధతులు. వాయిదాల పద్ధతి మాత్రం నడవలేదు. చిట్టీలు కట్టి కట్టి అలసిన ఊరికి ఇంకో నెలవారీ కట్టుబడి రుచించలేదని నా ఊహ.

మరుసటి సీజన్

మొదట నోటీసు మార్చాం. కరెంటుకు, లైఫ్‌గార్డుల జీతాలకు మూడేళ్లలో ఎంత పెరిగిందో రెండే రెండు వాక్యాల్లో రాసి, పన్ను ప్రస్తావన తీసేశాం. పాత పాస్‌దారులకు సంక్రాంతి తర్వాత ఫోన్ చేసి, శివరాత్రిలోగా రెన్యువల్ చేసుకుంటే 450, ఆ తర్వాత 600 అని చెప్పించాం. ముందు ఏడాది అలిగి మానేసినవాళ్లకు కూడా అదే ధర ఇచ్చాం. కొత్తవాళ్లకు ఏ పండుగకైనా ఏ ఆఫర్ పెట్టినా అది పాతవాళ్ల ధర కంటే తక్కువ ఉండకూడదన్న నియమాన్ని యజమాని చేత సంతకం పెట్టించి ఫైల్లో పెట్టుకున్నాను. ఆయన దీన్ని నా చాదస్తం అంటారు, అననివ్వండి.

పనిదినాల పాస్ అని 350కి ఒకటి తెచ్చాం. రోజూ వచ్చే పెద్దవాళ్లు, పరీక్షలయిపోయిన కుర్రాళ్లు ఆదివారం వదిలి ఇందులోకి మారారు, నిజానికి మేం కోరుకున్నది అదే. కానీ "పనిదినం" అంటే ఏమిటో మేం రాయలేదు. రెండో శనివారం ప్రభుత్వ ఉద్యోగికి సెలవు, బట్టల షాపులో పనిచేసేవాడికి కాదు. ఏప్రిల్ రెండో శనివారం గేటు దగ్గర జరిగిన రచ్చ తర్వాత పాస్ వెనుక వైపు చిన్న క్యాలెండర్ అచ్చువేసి, చెల్లని రోజులను ఎర్ర రంగులో చూపించాం. గోడ క్యాలెండర్‌లో ఎర్ర అంకె అంటే ఏమిటో మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చెల్లని రోజుల జాబితాలో యజమాని మేడారం జాతర నాలుగు రోజులనూ చేర్చారు. పాస్‌దారులంతా ఆ నాలుగు రోజులు బెల్లం బంగారం ఎత్తుకుని మేడారంలోనే ఉంటారని చెప్పి తీసేయించాను.

ఆదివారం రద్దీకి మందు పాస్ ధరలో లేదని ఒప్పుకోవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. రద్దీ రోజుది, కాబట్టి ధర పెంచాల్సింది ఆ రోజు టికెట్‌కే. సెలవుల్లోని ఆదివారాలకు రోజు టికెట్‌ను 120 చేశాం, మంగళ, బుధవారాలకు 80. దూరం నుంచి వచ్చేవాళ్లలో కొందరు రోజు మార్చుకున్నారు. క్యూ నేల మీద నుంచి మళ్లీ మెట్ల మీదికి వెళ్లింది, అంతకు మించి తగ్గిందని చెప్పలేను. పోయినవాళ్లలో అందరూ తిరిగి రాలేదు. కొన్ని కుటుంబాలు పాస్ లేకుండా వేసవికి రెండుసార్లు టికెట్ కొనుక్కుని వచ్చే అలవాటుకు స్థిరపడ్డాయి. వాళ్లకు ఇక పాస్ అవసరం లేదు, వాళ్ల చుట్టాలకు మన పార్కు మొదటి జవాబు కాదు. ఈ నష్టాన్ని నేను ఏ పట్టికలోనూ చూపలేకపోతున్నాను.

చివరగా ఎక్కువ మంది అడిగిన, నేను అన్నిటికంటే ఆలస్యంగా పట్టించుకున్న సంగతి ఒకటుంది. మా పాస్ ఉన్న ప్రతి కుటుంబంలోనూ నీళ్లలోకి దిగని మనిషి ఒకరుంటారు. నానమ్మో అమ్మమ్మో ప్లాస్టిక్ కుర్చీలో చెట్టు నీడన కూర్చుని, చెప్పులు, బ్యాగులు, సెల్‌ఫోన్లు, తడి బట్టలు అన్నీ కాపలా కాస్తూ, ఎవరైనా పిల్లవాడు కనిపించకపోతే ముందుగా కేక పెట్టేది ఆమే. ఒక లైఫ్‌గార్డు నాతో అన్నదాని ప్రకారం సగం పని ఆవిడే చేస్తుంది. ఆమెకు కూడా 600 తీసుకున్నాం. ఈ సీజన్ నుంచి ఆమెకు 150కి వేరే పాస్ పెట్టాం. కాగితం మీద దాని పేరు సందర్శక పాస్, సిబ్బంది మాత్రం మొదటి రోజు నుంచీ గట్టు పాస్ అంటున్నారు. నీళ్లలోకి దిగకూడదన్నది దాని ఒకే ఒక షరతు. మే మొదటి ఆదివారం మధ్యాహ్నం మేనేజర్ నాకు ఫోన్ చేసి, గట్టు పాస్‌తో వచ్చిన ఒక పెద్దావిడ కొంగు నడుముకు దోపుకుని మనవరాలితో కలిసి రెయిన్ డ్యాన్స్ కింద నిలబడ్డారని, ఏం చేయమంటారని అడిగాడు. అది కొలను కాదు కదా, కాసేపు అటువైపు చూడకుండా ఉండమన్నాను.